పుచ్చపాదులయందు వైరసు తెగుళ్లను గుర్తించు విధము

గడచిన మాఘమాసమున మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు ముడుతలు పడిన పుచ్చ ఆకులను కాగితమున చుట్టి పాఠశాలకు తెచ్చెను. వాని తండ్రి ఏటి యొడ్డున రెండెకరముల పుచ్చ వేసియుండెను. ఆకులు చెడుట చూచి, బూజు తెగులని తలచి, అప్పు చేసి రెండు మారులు మందు కొట్టించెను. తెగులు తగ్గకపోగా పక్క పాదులకును ప్రాకెను. “మాస్టారూ, దీనికి ఏ మందు కొట్టవలెనండీ?” అని బాలుడడిగెను. ఆనాడు వానికి చెప్పిన పాఠమునే విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునని ఇచట వ్రాయుచున్నాను.

వైరసు మామూలు సూక్ష్మదర్శినిలో కానరానంత చిన్నది. అది స్వయముగా వృద్ధి పొందనేరదు. సజీవమగు కణములలో చొచ్చి, వానిచేతనే తనవంటివానిని పుట్టించుకొనును. 1892లో రష్యా దేశీయుడగు ఇవనోవ్‌స్కీ, తెగులు సోకిన పొగాకు రసమును బాక్టీరియములు దాటలేని వడపోతలో వడగట్టినను, ఆ రసము మరల తెగులు కలిగించుట కనుగొనెను. బూజును చంపు మందులు వైరసుపై పనిచేయవు. సోకిన పాదును బాగుచేయు మందు నేటికిని లేదు. కావున మందు కొనుటకు ముందు తెగులేదో తెలిసికొనవలెను.

ఇందుకు మూడు పరీక్షలు కలవు. మొదటిది, చేనంతయు నడచి చూచుట. పాదులన్నియు ఒక్కరీతిగా పసుపుబారినచో లోపము సాధారణముగా నేలలోనో నీటిలోనో ఉండును. అక్కడొకటి ఇక్కడొకటిగా మొదలై, దినదినము చుట్టుప్రక్కలకు వ్యాపించినచో వైరసును శంకింపవలెను. పక్కచేని కలుపుమందు గాలికి వచ్చి తగిలినను ఆకులు వికారమగును. అయితే అది ఆ గట్టు పొడవున ఒక్కమారే కనబడును. రెండవది, లేత ముదురు ఆకులను పోల్చుట. నత్రజని లోపము ముదురాకులలో మొదలగును. వైరసు గుర్తులు చిగురునందు స్పష్టముగా తోచును. మూడవది, ఆకును త్రిప్పి చూచుట. బూజుగాని బూడిదవంటి పొడిగాని యున్నచో అది శిలీంధ్రము పని. ఆకు అడుగున పేనుబంకయో తామరపురుగులో యున్నచో, అవి వైరసును మోసికొనివచ్చి యుండవచ్చును.

పుచ్చకు వచ్చు వైరసు తెగుళ్లలో ముఖ్యమైనవి మూడింటిని చెప్పెదను. పేనుబంక వలన వచ్చు మొజాయిక్కులో ఆకుపై ముదురు, లేత ఆకుపచ్చ మచ్చలు కలగలిసి యుండును. ఆకు బొబ్బలెక్కి సన్నబడును. కాయలు గడ్డలు కట్టి వంకరపోవును. పేనుబంక కొన్ని క్షణములలోనే వైరసును గ్రహించి మరియొక పాదునకు అంటించును గనుక, పురుగుమందు దానిని చంపులోపలనే హాని జరిగిపోవును. రెండవది మొవ్వుకుళ్లు. ఇది తామరపురుగుల వలన వచ్చును. తీగ కొన నేలను ప్రాకక పైకి నిలుచును, కణుపులు దగ్గరపడును, కాడపై గోధుమరంగు చారలు పడి మొవ్వు మాడిపోవును. మూడవది 1935లో ఇంగ్లండునందు దోసపాదులపై మొదట వర్ణింపబడినది. ఇది విత్తనము వలనను, చేతుల వలనను, కత్తుల వలనను వ్యాపించును. దీని గుర్తులు ఆకుపై స్వల్పముగానే యుండవచ్చును; కాయ కోసినప్పుడు లోపలి కండ మెత్తబడి, వన్నె చెడి యుండును.

అయినను వేర్వేరు వైరసులు ఒకే గుర్తులను చూపవచ్చును. ఒకే పాదునకు రెండు మూడును సోకవచ్చును. వైరసు పేరు నిశ్చయించుటకు ప్రయోగశాలలో ఎలైజా వంటి పరీక్ష చేయవలెను. ఆకులను దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రమునకు తీసికొనిపోయి సలహా పొందుట మేలు.

పిందె పట్టకమునుపే తెగులు కనబడిన పాదును జాలిపడక పెరికి, సంచిలో వేసి, చేనికి దూరముగా పూడ్చవలెను. పిదప చేతులను, కత్తిని సబ్బుతో కడుగవలెను. తెగులుచేని కాయలనుండి విత్తనము తీయరాదు. ముదిరిన పాత తోట ప్రక్కనే క్రొత్త తోట వేయరాదు. గట్టు వెంట రెండు మూడు వరుసల జొన్నగాని మొక్కజొన్నగాని వేసినచో ఎగిరివచ్చు పేనుబంక కొంత తగ్గును. మొక్కల వైరసులు మనుష్యులకు సోకవు గనుక కాయ తినుటకు భయపడ నక్కరలేదు.

ఆ బాలుడు సాయంకాలము తండ్రితో కలిసి పై మూడు పరీక్షలను చేసెను. అది మొజాయిక్కని తోచెను. సోకిన పాదులను పెరికివేసిరి. పంట కొంత పోయెను. పోయినదానిని మరల తేలేము. కాని మూడవమారు మందునకై తేదలచిన అప్పు తేలేదు. విద్యార్థులారా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ చేని ఆకులను మీరును త్రిప్పి చూడుడు.