అక్షరాలతో కట్టిన గుహ

(9వ తరగతి విద్యార్థిని రాసిన పాఠం)

ఈసారి గోడ పత్రికలో బొమ్మలు లేని ఒక కంప్యూటర్ ఆట గురించి రాస్తున్నాను. మన ల్యాబ్‌లో ఉన్న పాత కంప్యూటర్ల మీద కొత్త ఆటలు ఆగిపోతాయి. ఇది మాత్రం చక్కగా నడుస్తుంది. ఎందుకంటే దీంట్లో ఉన్నవన్నీ మాటలే.

1. ఆట ఎలా ఆడతారు?

ఆట పేరు కొలోసల్ కేవ్ అడ్వెంచర్. మనం ఎక్కడ ఉన్నామో కంప్యూటర్ తెర మీద రెండు మూడు వాక్యాల్లో చెప్తుంది. ఏం చేయాలో మనం ఒకటి రెండు ఇంగ్లీషు మాటల్లో కొట్టాలి. "ఈస్ట్" అంటే తూర్పుకి పోతాం. "టేక్ ల్యాంప్" అంటే దీపం చేతికొస్తుంది. గుహలో ఒక పాము దారికి అడ్డంగా ఉంటుంది. పిట్టని పంజరంలో పెట్టి తెచ్చి అక్కడ వదిలితే పాము పారిపోతుంది. కానీ మన చేతిలో కర్ర ఉంటే పిట్ట భయపడి దొరకదు. ముందు కర్ర కింద పెట్టాలి. మా తమ్ముడికి చెప్తే, "ఇది తెలియడానికి కంప్యూటర్ ఎందుకే?" అన్నాడు.

2. ఎవరు రాశారు?

అమెరికాలో విల్ క్రౌథర్ అనే ఆయన 1975–76లో రాశాడు. ఆయన పగలు కంప్యూటర్ పని చేసేవాడు, సెలవుల్లో గుహలు కొలిచేవాడు. కెంటకీ రాష్ట్రంలో మామత్ కేవ్ అని ఉంది. ఇప్పటికి కొలిచినవాటిలో ప్రపంచంలో అదే అన్నిటికన్నా పొడుగు గుహ, 680 కిలోమీటర్ల పైనే. బొర్రా గుహలు చూసినవాళ్లు ఊహించుకోవచ్చు, రెండూ సున్నపురాతి గుహలే. భార్యాభర్తలు విడిపోయాక ఆయనకి ఇద్దరు కూతుళ్ల మీద బెంగ పట్టుకుంది. వాళ్లు ఆడుకోవడానికి తను తిరిగిన గుహనే మాటల్లో కట్టాడు. కంప్యూటర్ తెలియనివాళ్లు భయపడకూడదని మామూలు మాటలతో నడిచేలా చేశాడు. 1977లో డాన్ వుడ్స్ అనే ఆయన అడిగి, అనుమతి తీసుకుని, దాన్ని పెంచాడు.

3. లోపల ఏముంది?

నేను పెద్ద మాయ అనుకున్నాను. లోపల ఉన్నవి పట్టికలు. క్రౌథర్ రాసింది ఫోర్‌ట్రాన్ భాషలో సుమారు 700 వరసలు, ఇంకో 700 వరసల సమాచారం. దాంట్లో 66 గదులు, 193 మాటలు. ఒక పట్టికలో గది నంబరు, దాని వర్ణన. ఇంకో పట్టికలో ఏ గదిలో ఏ మాట అంటే ఏ గదికి పోతామో ఉంటుంది. మూడో పట్టికలో ప్రతి మాటకీ ఒక నంబరు. టేక్, క్యారీ, కీప్, క్యాచ్ – ఈ నాలుగింటికీ ఒకటే నంబరు. ఏది కొట్టినా "పట్టుకో" అనే అర్థం.

ఒక చిన్న లెక్క. ఆ కాలపు పీడీపీ-10 కంప్యూటర్‌లో ఒక గడికి 36 బిట్లు. అక్షరానికి 7 బిట్లు. 7 × 5 = 35, మిగిలింది 1. అందుకని ఆ ఆట ఏ మాటలోనైనా మొదటి అయిదు అక్షరాలే చూస్తుంది. ఇంగ్లీషులో నార్త్ అయిదు అక్షరాలు, నార్త్‌ఈస్ట్‌లో మొదటి అయిదూ అవే! ఉత్తరానికీ ఈశాన్యానికీ తేడా తెలియదు. కాబట్టి ఈశాన్యానికి ఎన్, ఇ అని రెండక్షరాలే కొట్టాలి.

4. మళ్లీ ఎలా కట్టారు?

క్రౌథర్ మొదట రాసిన ప్రతి పోయిందనే చాలా ఏళ్లు అనుకున్నారు. వుడ్స్ చదువుకునే రోజుల నాటి ఫైళ్లు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో దాచి ఉంచితే, 2005లో వాటిలో దొరికింది. తర్వాత 2017లో ఎరిక్ రేమండ్, ఆయనతో ఉన్నవాళ్లు, ఇద్దరి అనుమతితో, 1995 నాటి పెద్ద ఆటని ఇప్పటి సీ భాషలోకి మార్చారు. పేరు ఓపెన్ అడ్వెంచర్. పట్టికలన్నీ మనుషులు చదవగలిగే ఫైలులో విడిగా పెట్టారు. రాసిపెట్టుకున్న ఆటల్ని మళ్లీ నడిపి జవాబులు సరిపోతున్నాయా అని చూసుకుంటారు. మనం లెక్క చేసి సరిచూసుకున్నట్టే.

5. మా ఆట

కంప్యూటర్ సార్ నేర్పితే నేను పైథాన్‌లో చిన్న ఆట రాశాను. నాలుగు గదులు: డార్మిటరీ, మెస్, బోరింగ్, లైబ్రరీ. పైథాన్‌లో డిక్షనరీ అని ఉంటుంది, పట్టిక లాంటిదే. దాంట్లో తెలుగు మాటలు పెట్టొచ్చు. నేను "వెళ్ళు" అని పెట్టాను. నా స్నేహితురాలు కూర్చుని "వెళ్లు" అని కొట్టింది. కంప్యూటర్ "అర్థం కాలేదు" అంది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. అది లేచి, "నాకు తెలుగు రాదులేవే" అని వెళ్లిపోయింది.

నాకు చాలా బాధేసింది. అయిదో తరగతిలో హాస్టల్‌కి వచ్చినప్పుడు నేను ఇంటి మాట మాట్లాడితే నాకూ అదే చెప్పేవాళ్లు, అర్థం కాలేదని. నవ్వేవాళ్లు కూడా. ఇప్పుడు ఆ "అర్థం కాలేదు" నేనే రాసి పెట్టాను. నిజానికి రెండు రకాలుగానూ పుస్తకాల్లో రాస్తారు. ఒకదాంట్లో ళ కింద ళ, ఇంకోదాంట్లో ళ కింద ల. మనకి ఒకే మాట, యంత్రానికి రెండు. తప్పు దానిది కాదు, నా పట్టికది.

క్రౌథర్ నాలుగు మాటలకి ఒకే నంబరు ఇచ్చాడు కదా, నేనూ అలాగే చేశాను. వెళ్ళు, వెళ్లు, పో, నడు – అన్నిటికీ 1. స్నేహితురాలిని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాను. మెస్ దాకా వెళ్లింది. నవ్వింది.

ఇంటిపని: "వెళ్ళు" అనడానికి మీ ఇంట్లో ఏమంటారు? కోయ, కువి, సవర, ఏ మాటైనా సరే, తెలుగు అక్షరాల్లో చీటీ మీద రాసి ఈ పత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. ఆదివారం అన్నిటికీ 1 నంబరు ఇస్తాను.