మారీ బిస్కెట్‌కు పొక్కలెందుకు?



చేవెళ్లలో గానీ మొయినాబాద్‌లో గానీ సూపర్ మార్కెట్టుకు పోయినప్పుడు బిస్కెట్ల అరలు ఒకసారి బాగా చూడండి. కంటికి ఎదురుగా క్రీమ్ బిస్కెట్లు, చాక్లెట్ బిస్కెట్లు రంగురంగుల కవర్లలో మెరుస్తుంటాయి. మారీ ప్యాకెట్ కావాలంటే చాలాసార్లు కిందికి వంగి వెతకాల్సిందే. మన హాస్టల్లో దానికి "జ్వరం బిస్కెట్" అనే పేరు కూడా పడిపోయింది.

తల్లిదండ్రులు వచ్చే ఆదివారం నాడు ఈ సంగతి ఇంకా బాగా కనిపిస్తుంది. ఒకరి సంచిలో క్రీమ్ బిస్కెట్లుంటే పదిమంది చుట్టూ చేరుతారు. ఇంకొకరి యాడి తండా నుంచి రెండు బస్సులు మారి, కూలి పైసల్లోంచి కొన్న మారీ ప్యాకెట్ తెస్తుంది. ఆ పిల్లగాడు దాన్ని చప్పున ట్రంకు పెట్టెలో బట్టల కింద దాచేస్తాడు. "మల్ల మారీయేనా, జ్వరమొచ్చిందారా?" అని నవ్వుతారని వాడి భయం. ఎప్పుడూ అదే ఎందుకు తెస్తావని అడిగితే ఆ తల్లి రెండే మాటలు చెప్పింది: "జల్ది ఖరాబు కాదు. పలచగుంటయి, నలుగురికి పంచినా వస్తయి." ఈ రెండు మాటల వెనుక చాలా సైన్సు ఉంది. అదేమిటో చూద్దాం.

ముందు పేరు సంగతి. 1874లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ కూతురు మరియాకు, ఇంగ్లండు రాణి విక్టోరియా కొడుకు ఆల్ఫ్రెడ్‌కు పెండ్లయింది. ఆ సందర్భంగా లండన్‌లోని పీక్ ఫ్రీన్స్ అనే కంపెనీ ఈ గుండ్రని బిస్కెట్ తయారు చేసి పెండ్లికూతురి పేరు పెట్టింది. అంటే మనం జ్వరం బిస్కెట్ అంటున్నది నిజానికి రాజకుమారి పెండ్లి బిస్కెట్! స్పెయిన్‌లో, పోర్చుగల్‌లో దీన్ని ఇప్పటికీ మరియా అనే పిలుస్తారు. మన దేశంలో బ్రిటానియా కంపెనీ 1892లో కలకత్తాలో 295 రూపాయల పెట్టుబడితో మొదలైంది. తర్వాతి కాలంలో అదే పీక్ ఫ్రీన్స్ కంపెనీ అందులో వాటాలు కొన్నది. లండన్‌లోని ఆ పాత ఫ్యాక్టరీ 1989లో మూతపడింది. బిస్కెట్ మాత్రం మన కిరాణా దుకాణాల దాకా వచ్చి నిలబడింది.

ఇక పొక్కల సంగతి. అవి అందం కోసం పెట్టినవి కావు. చపాతీ పెనం మీద ఎందుకు పొంగుతుంది? పిండిలోని నీళ్లు ఆవిరై, బయటికి పోయే దారిలేక పైపొరను లేపుతాయి. నీరు ఆవిరిగా మారితే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. బిస్కెట్ కూడా పొయ్యిలో అట్లాగే పొంగితే పూరీలాగా అవుతుంది, ప్యాకెట్‌లో వరుసగా పేర్చలేము. అందుకే కాల్చకముందే ముల్లుల్లాంటి అచ్చుతో పొక్కలు పొడుస్తారు. ఆవిరి వాటిగుండా పోతుంది, పై పొర కింది పొర అతుక్కొని ఉంటాయి. నమ్మకం లేకపోతే మెస్‌లో అక్కను అడిగి, ఒక చపాతీకి ముల్లుచెంచాతో నిండా పొక్కలు పొడిచి కాల్చి చూడండి.

మారీ పిండిలో చక్కెర, నూనె తక్కువ. మైదాను నీళ్లతో బాగా పిసికితే గ్లూటెన్ అనే సాగే పదార్థం వలలాగా అల్లుకుంటుంది. అందుకే ఆ పిండిని పలచటి రేకులాగా ఒత్తవచ్చు. హైదరాబాద్ చాయ్ హోటళ్లలో దొరికే ఉస్మానియా బిస్కెట్ దీనికి పూర్తిగా ఉల్టా. అందులో వెన్న, నెయ్యి లాంటివి ఎక్కువ. ఆ కొవ్వు మైదా రేణువులను చుట్టుకొని గ్లూటెన్‌ను అల్లుకోనివ్వదు. అందుకే నోట్లో పెట్టుకుంటే పొడిపొడిగా కరుగుతుంది. రుచిలో ఉస్మానియాదే పైచేయి, నేనూ ఒప్పుకుంటాను. కానీ దాన్ని సంచిలో వేసుకొని రెండు బస్సులు మారితే చేతికి వచ్చేది పొడి!

ఖరాబు కాకపోవడానికి కారణం నీళ్లు. బ్రెడ్డులో మూడో వంతుకు పైగా నీరే ఉంటుంది, అందుకే కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది. బిస్కెట్‌లో నూటికి అయిదు వంతుల నీరు కూడా ఉండదు. నీళ్లు లేనిచోట బూజు బతకదు. అయితే ఎండిన బిస్కెట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో ప్యాకెట్ విప్పి వదిలేస్తే మెత్తబడేది ఇందుకే. మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో వేస్తే కరకరలాడుతూనే ఉంటుంది. మెత్తబడినదాన్ని పొడి పెనం మీద సన్నని మంటపై కాసేపు వేడి చేసి, చల్లారనిస్తే మళ్లీ గట్టిపడుతుంది.

చాయ్‌లో ముంచితే విరిగిపడేది ఎందుకో కూడా ఒక శాస్త్రవేత్త లెక్క కట్టాడు. ఆయన పేరు లెన్ ఫిషర్, ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి ఆయనకు 1999లో వచ్చింది. దీపం వత్తి నూనెను పీల్చినట్టు బిస్కెట్‌లోని సన్నని సందులు చాయ్‌ని పీల్చుకుంటాయి, లోపల పట్టు వదులుతుంది. నిలువుగా కాకుండా పడుకోబెట్టినట్టు ముంచి, పైభాగం పొడిగా ఉండగానే తీస్తే, ఆ పొడి భాగం తడిసిన భాగాన్ని మోస్తుంది. మారీ చాలా పలచన కాబట్టి తొందరగా తీయాలి. లేకపోతే గ్లాసు అడుగున చెంచాతో వెతుక్కోవాలి.

ఇంత చెప్పానని మారీని మందు అనుకోకండి. కవరు వెనుక చదవండి. ఏది ఎక్కువ బరువు వేశారో దాని పేరే ముందు రాయాలని మన దేశంలో నియమం ఉంది. మారీ మీద కూడా మైదా మొదట ఉంటుంది, చక్కెర దాని దగ్గరలోనే ఉంటుంది. ఆకలి తీరాలంటే జొన్నరొట్టె, పల్లీపట్టీయే నయం. క్రీమ్ బిస్కెట్ కవరు కూడా పక్కన పెట్టుకొని, 100 గ్రాములకు చక్కెర ఎంతో రెండింటిలో పోల్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

చివరగా ఒక లెక్క. కంపెనీలు ధర పెంచకుండా బరువు తగ్గించడం మామూలే. కాబట్టి ప్యాకెట్ సైజు చూసి మోసపోవద్దు. కవరు మీద ఉన్న ధరను గ్రాములతో భాగిస్తే గ్రాముకు ఎన్ని పైసలో వస్తుంది. వచ్చే ఆదివారం తర్వాత ఎవరి దగ్గర ఏ ఖాళీ కవరు ఉన్నా పారేయకుండా ఈ పత్రిక కింద గుండుసూదితో గుచ్చండి. పక్కన గ్రాము ధర, బిస్కెట్లు ఎన్ని వచ్చాయో పెన్సిల్‌తో రాయండి.