రాత్రి గండం దాటే బెలూను

చలికాలంలో తెలంగాణ జిల్లాల పత్రికల్లో ఒక మూల చిన్న ప్రకటన కనబడుతూ ఉంటుంది. ఆకాశం నుంచి పారాచూట్‌కు వేలాడుతూ పెట్టె ఏదైనా మీ పొలంలో దిగితే తెరవవద్దు, కదపవద్దు, పోలీసులకు గానీ దాని మీదున్న చిరునామాకు గానీ కబురు చేయండి, తగిన బహుమతి ఇస్తాము, అని. ఆ పెట్టెలు ఇ.సి.ఐ.ఎల్. దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చి వారి బెలూన్ కేంద్రానివి. ఆ కేంద్రం 1969లో ఏర్పడింది. అంతకు ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ నుంచే విశ్వకిరణాల పరిశోధనకు బెలూన్లు ఎగరేసేవారు.

ఆ ప్రకటన ఒకసారి క్లాసులో చదివి వినిపించాను. రెండో బెంచీ కుర్రవాడు లేచి, "అంత కష్టపడి పైకి పంపి కొద్ది గంటలకే దించేయడం ఎందుకు సార్? వారం పది రోజులు అక్కడే ఉంచొచ్చు గదా!" అన్నాడు. "గాలి ఎక్కడికో తీసుకుపోతుందోయ్" అని చెప్పి తప్పించుకున్నాను. అది సగం జవాబే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

బెలూను పైకి లేవడంలో వింతేమీ లేదు, ఆర్కిమెడిస్ సూత్రమే. హీలియం కానీ, హైదరాబాదులో వాడే హైడ్రోజన్ కానీ, గాలికన్నా తేలిక. ఐతే 33 కిలోమీటర్ల ఎత్తున వాయుపీడనం నేలమీది దానిలో వందో వంతుకన్నా తక్కువ. అంటే కింద ఒక గదిలో పట్టే వాయువుకు అక్కడ వంద గదులు చాలవు. అందుకే ఎగరేసే వేళ బెలూను పైకొసన మాత్రం ఒక బుడగలా ఉబ్బి, కిందంతా ముడతలు పడ్డ చీరలా వేలాడుతుంది. దారిలో ఇంకో పరీక్ష ఉంది. మన ఉష్ణమండలంలో 17 కిలోమీటర్ల దగ్గర చలి సున్నాకు దిగువ 80 డిగ్రీలు. శీతల దేశాల ఆకాశంలో కూడా ఆ ఎత్తున సాధారణంగా ఇంత చలి ఉండదు. అక్కడ మామూలు పాలిథీన్ గాజులా పెళుసెక్కుతుంది. కనుక హైదరాబాదు వారు తమ ఫిల్మును తామే తయారు చేసుకోవలసి వచ్చింది.

ఇక అసలు సంగతి. సాధారణ బెలూనుకు అడుగున గొట్టాలు తెరిచే ఉంటాయి. బెలూను పూర్తిగా నిండగానే అదనపు వాయువు వాటి గుండా బయటికి పోతుంది. లోపలి పీడనం, బయటి పీడనం దాదాపు సమానం కాబట్టి పలచని ఫిల్ము కూడా చాలు. పగలంతా హాయిగా తేలుతుంది. పొద్దు గుంకగానే లోపలి వాయువు చల్లబడి కుంచించుకుపోతుంది, ఘనపరిమాణం తగ్గుతుంది, తేల్చే బలం తగ్గుతుంది, బెలూను దిగడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపాలంటే బరువు పారబోయాలి. అందుకని ఇనుప రవ్వలు సంచుల్లో పెట్టి పంపుతారు. ఒక్కో రాత్రికి మొత్తం బరువులో నూటికి ఏడు పాళ్ళు పారబోయాలి అనుకుందాం. పది రాత్రులకు లెక్క కట్టండి: 0.93ను పదిసార్లు హెచ్చిస్తే 0.48. అంటే బయలుదేరిన బరువులో సగానికి పైగా పారబోయడానికే! ఇక పరికరాలకు చోటెక్కడ?

రాత్రే లేని చోట ఎగరేస్తే? ఆ పనీ చేశారు. దక్షిణ ధ్రువంలో ఎండాకాలం పొద్దు గుంకదు. 2012 డిసెంబరులో అంటార్కిటికా నుంచి లేచిన సూపర్ టైగర్ అనే విశ్వకిరణ పరికరం ఇటువంటి తెరిచిన బెలూనుతోనే 55 రోజులు తిరిగింది. కానీ మన వానాకాలపు మబ్బుల పైన ఏముందో తెలుసుకోవడానికి అంటార్కిటికా వెళ్ళి లాభం లేదు.

రెండో ఉపాయం, బెలూను మూతి మూసేయడం. నిండిన తరువాత కూడా కొంత అదనపు పీడనం లోపల నిలిచి ఉంటే, రాత్రి చల్లబడ్డా బెలూను బిగువు సడలదు. ఘనపరిమాణం మారదు కాబట్టి ఎత్తూ మారదు. 1966లో న్యూజీలాండు నుంచి అమెరికా వారు చిన్న చిన్న మైలార్ గోళాలు ఇలాగే ఎగరేశారు. వాటిలో ఒకటి ఏడాదికి పైగా ఆకాశంలోనే ఉండిపోయింది. 1971లో ఫ్రెంచివారు అర్జెంటీనా నుంచి వందల కొద్దీ బెలూన్లు వదిలి, ఇయోల్ అనే ఉపగ్రహంతో వాటి జాడ తీశారు.

చిన్న గోళానికి చెల్లిన పని పెద్దదానికి చెల్లదు. కారణం మన రెండో సంవత్సరం పాఠంలోనే ఉంది. గోళపు పొరలో తన్యత పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించి రెండుతో భాగించినంత. వ్యాసార్ధం 50 మీటర్లు, అదనపు పీడనం 100 పాస్కళ్ళు తీసుకుంటే మీటరుకు 2500 న్యూటన్లు. ఫిల్ము మందం 40 మైక్రాన్లయితే ప్రతిబలం 60 మెగాపాస్కళ్ళు దాటుతుంది. పాలిథీన్ పది దగ్గరే సాగిపోతుంది. దళసరి చేస్తే బరువు పెరుగుతుంది. ఇటు నుయ్యి, అటు గొయ్యి.

దీనికి దారి చూపింది గుమ్మడికాయ. నిలువునా వందల తొనలు కోసి, ప్రతి రెండు తొనల మధ్యా బలమైన తాడు వేస్తారు. తొనలు తాళ్ళ నడుమ కొద్దిగా ఉబ్బుతాయి. ప్రధానమైన బరువంతా తాళ్ళు మోస్తాయి. ఫిల్ముకు తగిలే వ్యాసార్ధం 50 మీటర్లు కాదు, ఆ ఉబ్బుది, సుమారు ఒక మీటరు. లెక్క మళ్ళీ వేస్తే ప్రతిబలం రెండున్నర మెగాపాస్కళ్ళు. ఇదే ఫిల్ము, ఇదే పీడనం! అమెరికా అంతరిక్ష సంస్థ పెద్ద గుమ్మడి బెలూను ఘనపరిమాణం 5 లక్షల ఘనమీటర్ల పైచిలుకు. 2023లో న్యూజీలాండు నుంచి లేచినది ఒకటి 39 రోజులు పగలూ రాత్రీ తిరిగి అర్జెంటీనాలో దిగింది. దాని వెంటనే అదే చోటి నుంచి లేచినది మాత్రం ఎక్కడో వాయువు కారి రెండు రోజులైనా నిలవక సముద్రం పాలయింది. కిలోమీటర్ల పొడవున అతుకులుండే సంచిలో ఒక సూది బెజ్జం చాలు.

ఈ గొడవంతా మనకెందుకు అంటారా? 2011లో ఉపగ్రహ పరిశీలనల వల్ల ఒక సంగతి బయటపడింది. ప్రతి వానాకాలంలోనూ, దక్షిణాసియా మీద, సుమారు 13 నుంచి 18 కిలోమీటర్ల ఎత్తున సన్నని ధూళిపొర ఒకటి ఏర్పడుతుంది. మన పొయ్యిల పొగ, మోటార్ల పొగ, పొలాల ఎరువుల నుంచి లేచే అమ్మోనియా, ఇవన్నీ ఋతుపవనాల మేఘాలతో పైకెక్కుతాయి. పొర ఉందని ఉపగ్రహం చెప్పగలదు గానీ అది దేనితో చేసిందో వివరంగా చెప్పలేదు. అందుకు పోయి పట్టుకు రావాలి. 2014 నుంచి భారత, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి హైదరాబాదు నుంచి బెలూన్లు పంపారు. వడపోత కాగితాలకు అంటిన కణాల్లో నైట్రేటు బాగా కనబడింది. ఇంతకు ముందు 2005లో ఇక్కడి నుంచే లేచిన బెలూను 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టి తెస్తే అందులో మూడు కొత్త బాక్టీరియా దొరికాయి. ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టారు.

కానీ కొద్ది గంటల ప్రయాణంలో దొరికేది ఒక గుక్కెడు గాలి. ఆ పొర జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉంటుంది, సుడి తిరుగుతూ చైనా మీదికీ పశ్చిమాసియా మీదికీ పాకుతుంది. దానితో పాటే వారాల తరబడి తిరిగితేనే కణాలు ఎలా పుట్టి ఎలా మారుతున్నాయో తెలుస్తుంది. భూమధ్యరేఖ దగ్గర ఫ్రెంచివారు ఇది చేసి చూపించారు. స్ట్రాటియోల్-2 పేరిట 2019లోనూ 2021లోనూ సీషెల్స్ నుంచి వదిలిన బెలూన్లు 18, 20 కిలోమీటర్ల ఎత్తున నెలల తరబడి తేలాయి. మన పొరకు అడ్డంకి భౌతికశాస్త్రం ఒక్కటే కాదు. ఆ దారిలో ఎన్ని సరిహద్దులో! 2023 ఫిబ్రవరిలో అమెరికా తన గగనతలంలోకి వచ్చిన చైనా బెలూనును క్షిపణితో కూల్చిన తరువాత అనుమతులు సులభమవుతాయని నేను అనుకోను.

రెండో బెంచీ కుర్రవాడు ఇప్పుడు ఫైనలియర్. పోయిన నెల స్టాఫ్‌రూముకు వచ్చి, "ఆ పొరలో తేలడానికి ఎంత బెలూను కావాలి సార్?" అన్నాడు. నువ్వే కట్టుకురా అన్నాను. 17 కిలోమీటర్ల దగ్గర గాలి సాంద్రత ఘనమీటరుకు 0.14 కిలో, హీలియం అందులో ఏడో వంతు, మొత్తం బరువు 40 కిలోలు అనుకుని 330 ఘనమీటర్లు తెచ్చాడు. ఇంచుమించు మా లెక్చర్ హాలంత. పరవాలేదు, కానీ ఆ 40 కిలోల్లో ఫిల్ము బరువు కలపలేదు. దిద్దుకు రమ్మని కాగితం తిరిగి ఇచ్చాను.