ముస్తాబుకు ధర ఎంత?

పెళ్లికూతురిని ముస్తాబు చేయడం పాత పనే. ఒకప్పుడు ఇంట్లో అక్కలు, వదినలు, పిన్నులు కలిసి చేసేవారు. పూలజడ వేసేవారు. కాళ్లకు పారాణి పెట్టేవారు. బుగ్గన చుక్క పెట్టేవారు. దానికి ఎవరూ డబ్బు అడిగేవారు కారు.

ఇప్పుడు ఆ పని వచ్చినవారిని పిలిచి, డబ్బు ఇచ్చి చేయించుకుంటున్నారు. చిన్న పట్టణాల్లో కూడా ఎంతోమంది అమ్మాయిలు మేకప్ పని నేర్చుకున్నారు. కొందరు పార్లర్‌లో జీతానికి చేస్తున్నారు. కొందరు పెట్టె పట్టుకుని సొంతంగా పెళ్లిళ్లకు వెళ్తున్నారు.

పని నేర్పేవారు ఉన్నారు. ధర చెప్పడం మాత్రం ఎవరూ నేర్పరు. "ఎంత తీసుకుంటావమ్మా?" అని అడిగితే చాలామందికి నోరు పెగలదు. "మీకు తోచింది ఇవ్వండి" అనేస్తారు. లేదా నోటికి వచ్చిన అంకె ఒకటి చెబుతారు. అలా చెబితే ఏమవుతుంది? ఈ పాఠం చదివి తెలుసుకోండి.

రెండు వేలు ఎటు పోయాయి?

ఖమ్మంలో సరోజ అనే అమ్మాయి ఉంది అనుకోండి. ఆరు నెలలు పార్లర్‌లో పని నేర్చుకుంది. మహిళా సంఘంలో 20,000 రూపాయలు అప్పు తీసుకుని సామాను కొంది. సొంతంగా పని మొదలుపెట్టింది.

పెళ్లికి 2,000 రూపాయలు అని ధర పెట్టింది. ఎందుకు 2,000? పక్క వీధి అమ్మాయి 2,500 తీసుకుంటోంది. తాను కొత్త. 500 తగ్గిస్తే తననే పిలుస్తారని అనుకుంది. అంతకుమించి లెక్క ఏమీ లేదు.

పిలిచారు కూడా. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా 20 పెళ్లిళ్లు చేసింది. ఒక్కో పెళ్లికి ఆటోకు 600 పోయేది. చీర కట్టడానికి, జడ వేయడానికి తోడు వచ్చిన అమ్మాయికి 500 ఇచ్చేది. చేతిలో 900 మిగిలేది. 'పరవాలేదు, రాత్రికి 900 సంపాదించాను' అనుకునేది. ఆ డబ్బు ఇంటి అద్దెకు, బియ్యానికి, పిల్లవాడి ఫీజుకు వాడింది.

ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు. సరోజ పెట్టె తెరిచి చూసింది. ఫౌండేషన్ సీసా అడుగంటింది. పౌడర్ డబ్బా ఖాళీ. లిప్‌స్టిక్‌లు మొదళ్లు తేలాయి. శ్రావణంలో మళ్లీ పెళ్లిళ్లు. సామాను కొనాలంటే డబ్బు లేదు. సంఘంలో లెక్కలు రాసే అక్క దగ్గరికి వెళ్లింది.

"ఇరవై పెళ్లిళ్లు చేశాను అక్కా. చేతిలో రూపాయి లేదు. మళ్లీ అప్పు కావాలి."

"ఏదీ, నీ లెక్కల పుస్తకం తే."

"పుస్తకమా? నేనేం రాయలేదక్కా."

"అయితే ఇప్పుడు రాద్దాం. ఒక్క పెళ్లిది చెప్పు. అన్నీ చెప్పు. పిన్నీసు కూడా వదలకు."

ఖర్చు లెక్క

ఇద్దరూ కూర్చుని రాశారు. ఒక్క పెళ్లికి అయ్యే ఖర్చు ఇలా తేలింది.

1. అయిపోయే సామాను. ఫౌండేషన్, పౌడర్, లిప్‌స్టిక్, ఐలైనర్ లాంటివి. కొన్నది 8,000 రూపాయలకు. 20 మందికి వచ్చింది. ఒక్కొక్కరికి 400.

2. నిలిచే సామాను. కుంచెలు, జుట్టు మెషీన్, లైటు, పెట్టె. కొన్నది 12,000కు. 60 మందికి వస్తాయని అంచనా. ఒక్కొక్కరికి 200.

3. ఒక్కసారికే వాడేవి. స్పాంజి, దూది, పిన్నులు, అంటించే కనురెప్పల వెంట్రుకలు. 250.

4. రాత్రి ఆటో, రానూ పోనూ. 600.

5. తోడు వచ్చిన అమ్మాయికి. 500.

మొత్తం 1,950 రూపాయలు.

సరోజ అంకెల వైపు చూస్తూ ఉండిపోయింది. "అంటే నాకు మిగిలింది యాభై రూపాయలా అక్కా?"

"అవును. ఇరవై పెళ్లిళ్లకు వెయ్యి రూపాయలు. చేతిలో ఉన్న 900 అంతా నీ సంపాదన అనుకున్నావు. అందులో 850 సామానుది. నువ్వు తిన్నది నీ పెట్టెనే."

ఆటో డబ్బు చేతి నుంచి పోతుంది. కంటికి కనిపిస్తుంది. సీసాలో తగ్గే ఫౌండేషన్ డబ్బులా కనిపించదు. కానీ అదీ డబ్బే. కుంచె అరిగినా డబ్బే. కుట్టు మెషీన్ ఉన్నవారికి, ఇస్త్రీ బండి ఉన్నవారికి, టీ కొట్టు ఉన్నవారికి కూడా ఈ లెక్క వర్తిస్తుంది. సామాను వంతు డబ్బును పెళ్లి అయిన మర్నాడే వేరే డబ్బాలో వేయాలి. ఇంటి ఖర్చుతో కలపకూడదు.

గంటల లెక్క

"ఒక పెళ్లికి ఎన్ని గంటలు పని చేస్తావు?" అని అక్క అడిగింది.

"మూడు గంటలు."

నిజంగా మూడు గంటలేనా? మళ్లీ రాశారు.

ముందు రోజు చీర కుచ్చిళ్లు మడిచి పిన్నులు పెట్టడానికి గంటన్నర. వెళ్లి రావడానికి 2 గంటలు. ముస్తాబుకు 3 గంటలు. తలంబ్రాల తర్వాత రెండో చీర మార్చేదాకా ఆగడానికి రెండున్నర గంటలు. మర్నాడు కుంచెలు కడిగి ఆరబెట్టడానికి గంట. మొత్తం 10 గంటలు.

మన పెళ్లి ముహూర్తాలు చాలా వరకు రాత్రి పూటో, తెల్లవారుజామునో ఉంటాయి. నాలుగు గంటల ముహూర్తానికి పెళ్లికూతురు తయారు కావాలంటే, మేకప్ వేసే అమ్మాయి పన్నెండింటికే అక్కడ ఉండాలి. ఆ రాత్రి నిద్ర ఉండదు. ఆగే సమయం కూడా పని సమయమే. ఆ గంటల్లో ఆమె వేరే పని చేసుకోలేదు.

కొత్తగా మొదలుపెట్టింది కాబట్టి గంటకు 100 రూపాయలు చాలని సరోజ అనుకుంది. 10 గంటలకు 1,000 రూపాయలు.

ఇంకా ఒకటి ఉంది. ఆషాఢంలో, పుష్యంలో, మూఢం రోజుల్లో పెళ్లిళ్లు ఉండవు. అద్దె మాత్రం నెలనెలా ఉంటుంది. సంఘం అప్పుకు వడ్డీ కట్టాలి. ఎప్పుడో ఒక సీసా కింద పడి పగులుతుంది. ఎప్పుడో ఒక పెళ్లి ఆగిపోతుంది. వీటన్నింటికీ పెళ్లికి 550 రూపాయలు వేసుకున్నారు.

ఖర్చు 1,950. కష్టానికి 1,000. ఖాళీ రోజులకు, నష్టాలకు 550. మొత్తం 3,500 రూపాయలు.

ఇది సరోజకు కింది ధర. అంటే ఇంతకంటే తగ్గితే ఆమెకు నష్టం. ఊరు మారితే, సామాను మారితే ఈ అంకెలు మారతాయి. ఎవరి కింది ధర వారే కట్టుకోవాలి. కట్టే పద్ధతి మాత్రం ఒక్కటే.

పక్కవారి ధర ఎందుకు అడగాలి?

ఊళ్లో ముగ్గురు నలుగురు ఎంత తీసుకుంటున్నారో తెలుసుకోవడం మంచిదే. ఆ ధరకు ఏమేం చేస్తున్నారో కూడా అడగాలి. చీర కట్టడం అందులో ఉందా? జడ ఉందా? పూలు ఎవరు తెస్తారు? ఇవి తెలియకుండా ఒక ధరతో ఇంకో ధరను పోల్చలేం.

పక్కవారి ధర చూసి గుడ్డిగా తగ్గించడం మాత్రం ప్రమాదం. పక్క వీధి అమ్మాయి తీసుకునే 2,500 కూడా లెక్క కట్టి పెట్టిన ధర కాకపోవచ్చు. ఆమె ఇంకెవరినో చూసి తగ్గించి ఉండవచ్చు. ఒకరిని చూసి ఒకరు తగ్గిస్తూ పోతే అందరి పెట్టెలూ ఖాళీ అవుతాయి.

బేరం వస్తే

వైరా నుంచి ఒక పెళ్లికూతురి తల్లి వచ్చింది. ధర విని ఉలిక్కిపడింది.

"మూడున్నర వేలా? మేం రెండున్నర కంటే ఇవ్వలేం అమ్మాయ్."

పాత సరోజ అయితే సరే అనేది. ఇప్పుడు ఆమె దగ్గర లెక్క ఉంది.

"మీరన్నదానికి దగ్గరగా చేస్తానమ్మా. బండి మీరే పంపండి. 600 తగ్గుతుంది. ముహూర్తానికి తయారుచేసి వచ్చేస్తాను. రెండో చీర మీ ఇంట్లోవాళ్లు కట్టుకోండి. ఇంకో 250 తగ్గుతుంది. 2,650కి చేస్తాను."

ఆ తల్లి కాసేపు ఆలోచించింది. "సరేలే. మా ఆడపడుచుకు చీర కట్టడం బాగా వచ్చు. బండి పంపుతాం" అంది.

ధర తగ్గితే పనీ తగ్గాలి, లేదా ఖర్చు తగ్గాలి. కష్టం అంతే ఉండి ధర ఒక్కటే తగ్గకూడదు. అప్పటికీ కుదరకపోతే ఆ పెళ్లి వదులుకోవచ్చు. 50 రూపాయల కోసం రాత్రంతా మేలుకోవడం కంటే ఇంట్లో నిద్రపోవడం మేలు.

పెళ్లింట్లో ఇంకో సంగతి జరుగుతుంది. "మా చిన్నమ్మాయికి కూడా కాస్త వెయ్యమ్మా." "అత్తగారికి కూడా కొంచెం దిద్దు." కాస్త, కొంచెం అంటూనే ఐదుగురు అవుతారు. సామాను ఐదుగురికి ఖర్చవుతుంది. అందుకని అదనపు మనిషికి ఎంతో ముందే చెప్పాలి. సరోజ మనిషికి 500 పెట్టుకుంది.

చుట్టాల ఇంట్లో అయితే? మొహమాటం ఉంటుంది. కష్టం డబ్బు వదులుకోవాలనిపిస్తే వదులుకోవచ్చు. అది ఆమె ఇష్టం. సామాను డబ్బు, ఆటో డబ్బు మాత్రం తీసుకోవాలి.

పేరు రావడానికి మొదట ఒకరిద్దరికి ఉచితంగా చేసేవారు ఉన్నారు. చేస్తే ఎంతమందికో ముందే అనుకోవాలి. అక్కడితో ఆపాలి. పెళ్లికూతురి ఫోటో ఇతరులకు చూపాలంటే ఆమెను అడిగి, ఒప్పుకుంటేనే చూపాలి.

ఈ ఖర్చు తగ్గించకూడదు

ఒకరికి వాడిన స్పాంజి ఇంకొకరికి వాడకూడదు. ఒకరి కంటికి పెట్టిన కాటుక పుల్ల ఇంకొకరికి పెట్టకూడదు. కంటి జబ్బులు అంటుకుంటాయి. లిప్‌స్టిక్‌ను నేరుగా పెదవికి రాయకూడదు. చిన్న గరిటెతో గీరి తీసి, కుంచెతో రాయాలి.

సీసా మీద ఆఖరి తేదీ, బ్యాచ్ నంబరు, తయారుచేసినవారి పేరు, చిరునామా ఉన్నాయో లేదో చదవాలి. అవి లేని చవక సరుకు కొనకూడదు. కొత్త రంగును ఒక రోజు ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి చూడాలి. దురద, ఎరుపు వస్తే అది వాడకూడదు. ఈ ఖర్చులన్నీ ధరలోనే ఉండాలి.

చీటీ రాసుకోవాలి

నోటి మాట పెళ్లి హడావుడిలో మరిచిపోతారు. చీటీలో ఇవి రాయాలి. పెళ్లి తేదీ. ముహూర్తం సమయం. రావలసిన చోటు. ఏమేం చేయాలి. ఎంతమందికి. మొత్తం డబ్బు. ఇచ్చిన అడ్వాన్సు. మిగిలింది ఎప్పుడు ఇస్తారు. ఇద్దరూ సంతకం పెట్టాలి. చెరొక చీటీ ఉంచుకోవాలి.

అడ్వాన్సు తప్పక తీసుకోవాలి. ఒక ముహూర్తానికి ఒప్పుకుంటే అదే ముహూర్తానికి వచ్చే ఇంకో పెళ్లిని వదులుకోవాలి. పెళ్లివారు చివరలో వద్దంటే ఆ రోజు కూలీ పోతుంది. అడ్వాన్సు తిరిగి ఇస్తారో లేదో కూడా చీటీలో ఉండాలి. మిగతా డబ్బు ముస్తాబు మొదలుపెట్టే ముందే తీసుకోవడం మంచిది. తాళి కట్టాక డబ్బు ఇచ్చే మనిషి ఎక్కడ ఉంటాడో దొరకదు. ఫోన్‌లో పంపితే వచ్చిందో లేదో తన ఫోన్‌లోనే చూసుకోవాలి.

ఇది వృత్తి

ఇంట్లో ఆడవాళ్లు ప్రేమతో చేసే పనికి ధర అడగడం తప్పని చాలామంది అనుకుంటారు. అదే పని సినిమాల్లో వృత్తి అయింది. ముంబయిలో సినిమా మేకప్ కళాకారుల సంఘం ఒకటి చాలా ఏళ్లపాటు ఆడవాళ్లకు మేకప్ కార్డు ఇవ్వలేదు. ఆడవాళ్లు జుట్టు పని మాత్రమే చేయాలంది. 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదని చెప్పింది. ఆడవాళ్లయినంత మాత్రాన ఈ పని నుంచి దూరం పెట్టకూడదని చెప్పింది. కోర్టు దాకా వెళ్లి సాధించుకున్న పని ఇది. దానికి కూలీ అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

ఏడాదికి ఒకసారి లెక్క మళ్లీ కట్టాలి. సామాను ధర పెరిగితే కింది ధర పెరుగుతుంది. చేయి తిరిగితే గంట కూలీ పెంచుకోవచ్చు. వచ్చిన ముహూర్తాలన్నీ నిండిపోయి, కొన్నింటిని కాదనవలసి వస్తోందా? అయితే ధర పెంచే సమయం వచ్చిందన్నమాట. ముందే ఒప్పుకున్న పెళ్లికి మాత్రం పాత ధరే తీసుకోవాలి. మాట నిలబెట్టుకుంటేనే ఇంకో పెళ్లికి పిలుస్తారు.

ఆలోచించండి, లెక్క కట్టండి

1. సరోజ చేతిలో 900 మిగిలింది. ఆమె సంపాదన 50 మాత్రమే. ఎందుకు?

2. ఫౌండేషన్, పౌడర్ లాంటి సామాను ధర 8,000 నుంచి 10,000 అయింది. 20 మందికే వస్తుంది. సరోజ కింది ధర ఎంత అవుతుంది?

3. పక్క వీధి అమ్మాయికి కూడా ఖర్చు 1,950 అవుతుంది అనుకోండి. ఆమె 2,500 తీసుకుంటోంది. పని 10 గంటలు. గంటకు ఆమెకు ఎంత మిగులుతుంది?

4. మీరు చేసే పనిలో కంటికి కనిపించని ఖర్చులు ఏమున్నాయి? ఒక కాగితం మీద రాయండి. మీ కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.