బస్తా మోసినంత మాత్రాన కండ పెరగదు

పసుపు సీజన్ వస్తే నిజామాబాద్ మార్కెట్ యార్డులో హమాలీలకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. పోచంపాడ్ ఆయకట్టు ఊళ్లలో ఎర్రజొన్న, మక్క బస్తాలు లారీకెక్కించేవాళ్లదీ అదే పని. ఇంత మోసినా నలభై దాటేసరికి చాలామందికి మిగిలేది నడుం నొప్పే. కండ పెరగాలంటే ఎత్తే బరువు కొంచెం కొంచెంగా పెరగాలి, మధ్యలో విశ్రాంతి దొరకాలి. కూలి పనిలో ఈ రెండూ మన చేతిలో ఉండవు. రోజూ అదే బస్తా, అదే భుజం, అలిసిపోయినా అదే వంగడం.

అందుకే ఒళ్లొంచి పనిచేసేవాళ్లకే కసరత్తు ఎక్కువ అవసరమంటాను. వారానికి రెండు రోజులు, పని తక్కువున్నప్పుడు ముప్పావుగంట కేటాయించినా చాలు. బస్కీలు, దండీలు, బరువును ఒంటివైపు లాగే వ్యాయామం ఒకటి, నేల మీది నుంచి బరువెత్తడం. ఈ నాలుగూ సరిపోతాయి.

చివరిదాన్ని ముందు కర్రతో నేర్చుకోండి. చేతికర్రను వీపు మీద నిలువుగా పట్టుకోండి. అది తల వెనక, వీపు పైభాగాన, నడుం కింది ఎముక దగ్గర తాకాలి. మోకాళ్లు కొద్దిగా మడిచి, పిరుదులను వెనక్కి నెడుతూ వంగండి. మూడింట్లో ఎక్కడైనా కర్ర విడిపోయిందంటే వెన్ను వంకర పోయినట్టే. అక్కడే ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తప్పు లేకుండా పదిసార్లు వచ్చాకే బరువుల రాడ్డు ముట్టుకోండి. రాడ్డు కాళ్లను రాసుకుంటూ పైకి రావాలి. ఒంటికి దూరం జరిగినకొద్దీ భారమంతా నడుం మీద పడుతుంది. యార్డులో బస్తా ఎత్తేటప్పుడూ ఇదే సూత్రం.

మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తి వెయిట్ లిఫ్టింగ్ కాంస్యం తెచ్చారు. అంత బరువు ఒట్టి కండబలంతో లేవదు, ఏళ్ల తరబడి సాధన చేసిన పద్ధతి కావాలి.

ఒక బరువును ఎనిమిదిసార్లు ఎత్తగలిగితే దానితోనే మొదలుపెట్టండి. పన్నెండుసార్లు శుభ్రంగా వచ్చాక రెండున్నర కిలోలు కలపండి. ఇంకో రెండుసార్లు ఎత్తగలననిపించగానే ఆపేయండి. తేడా కంటికి కనబడటానికి నెలలు పడుతుంది, మధ్యలో మానొద్దు.

తిండి సంగతి. అరవై కిలోల మనిషి కండ పెంచాలంటే రోజుకు దాదాపు 95 గ్రాముల ప్రొటీన్ మంచిది. బోధన్ వైపు రైతులు సోయా పండించి మొత్తం అమ్మేస్తారు, ఇంట్లో మాత్రం సోయా కూర కనబడదు. నాకు ఇది బాధగా ఉంటుంది. వంద గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 50 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది, ఒక గుడ్డులో ఆరు. పప్పు, సనగలు, పెరుగు తోడైతే డబ్బా పౌడర్ అక్కర్లేదు. త్వరగా ఒళ్లొస్తుందని ఎవరైనా స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇస్తామంటే అక్కడి నుంచి వచ్చేయండి. అవి గుండెను, కాలేయాన్ని, సంతానశక్తిని దెబ్బతీస్తాయి. రాత్రి ఏడు గంటల నిద్ర మాత్రం వదులుకోవద్దు.

నడుం నొప్పి కాలిలోకి పాకుతున్నా, పాదం మొద్దుబారుతున్నా రాడ్డు జోలికి పోకుండా ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోండి. బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి, ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు.