తాళంచెవి మీద హక్కు ఎవరిది?

పిల్లలూ! బదిలీ మీద కొత్త ఊరు చేరాక, క్వార్టర్‌లో సామాన్లు దించగానే మీ ఇంట్లో పెద్దవాళ్ళు చేసే మొదటి పని ఏమిటో గమనించారా? పాలు పొంగించడం తరువాత. ముందు బజారుకు వెళ్ళి ఒక కొత్త తాళం కొనుక్కొస్తారు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన తాళం చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. అయినా సరే, కొత్తది కొంటారు. గోవింద్‌పూర్ చేరేసరికి మా ఇంట్లో ఇలాంటి తాళాలు ఒక డబ్బా నిండా పోగయ్యాయి. కొన్ని తాళాలకు చెవులు లేవు, కొన్ని చెవులకు తాళాలు లేవు.

ఎందుకు కొంటారంటే, పాత తాళానికి ఎన్ని నకలు చెవులు బయట ఉన్నాయో ఎవరికీ తెలియదు. మనకంటే ముందు ఆ ఇంట్లో ఉన్న కుటుంబం ఒకటి చేయించి ఉండవచ్చు, వాళ్ళకంటే ముందువాళ్ళు మరొకటి. ఫుట్‌పాత్ మీద కూర్చునే చాబీవాలా ఐదు నిమిషాల్లో నకలు కోసి ఇస్తాడు. ఇది నీ తాళంచెవేనా అని అడగడు.

ఈ సంవత్సరం ఎనిమిదో తరగతి పిల్లలు కొందరు దీనికి ఒక ఉపాయం ఆలోచించారు. తాళం మార్చకుండానే, పాత చెవి ఇక పనిచేయకుండా చేసే తాళం ఉంటే బాగుంటుంది కదా అని. అట్టముక్కలతో, రీఫిల్ స్ప్రింగులతో నమూనా కూడా తయారు చేశారు. దాన్ని చూసిన తోటి పిల్లలు అడిగిన ప్రశ్న, "దీనికి పేటెంటు వస్తుందా?" మనం ఈ పాఠంలో ఆ ప్రశ్ననే పట్టుకుందాం.

ముందు ఒక్క మాట. కోస్తాలో తాళంచెవి అంటాం, రాయలసీమలో బీగంచెవి, తెలంగాణలో తాళంచెయ్యి. ఒకరికి చెవి, ఒకరికి చెయ్యి! ఇక్కడ మీరు రోజూ అనే చాబీ పోర్చుగీసువారి ఓడల్లో మన దేశానికి వచ్చిన మాట.

ఇప్పుడు తాళం లోపలికి వెళ్దాం. మన తలుపుల్లో ఎక్కువగా కనిపించే పిన్నుల తాళానికి మూలం సుమారు 4,000 ఏళ్ళనాటి ఈజిప్టు కొయ్య తాళం. దాన్ని చిన్న లోహపు తాళంగా మలిచి 1861లో, 1865లో పేటెంట్లు పొందినవాడు అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్. లోపల గుండ్రంగా తిరిగే ఒక బిళ్ళ ఉంటుంది. దాని మీద వరుసగా ఐదో ఆరో రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒకదానిపై ఒకటిగా రెండు పిన్నులు, పైన స్ప్రింగు. చెవి లేనప్పుడు పై పిన్నులు కిందికి దిగి బిళ్ళను తిరగనివ్వవు. సరైన చెవి దూర్చితే దాని పళ్ళు ఒక్కో జత పిన్నులను సరిగ్గా కావలసినంత ఎత్తుకు లేపుతాయి. రెండు పిన్నుల మధ్య అతుకులన్నీ బిళ్ళ అంచు దగ్గర ఒకే గీతలోకి వస్తాయి. బిళ్ళ తిరుగుతుంది, తాళం తెరుచుకుంటుంది. ఒక్కో పన్నుకు ఆరు ఎత్తులు సాధ్యమనుకుంటే ఐదు పిన్నుల తాళానికి 6×6×6×6×6, అంటే 7,776 రకాల చెవులు. లెక్కల మాస్టారు సంతోషిస్తారు.

ఇందులో పేటెంటుకు అర్హమైనది ఏది? మన 1970 నాటి పేటెంట్ల చట్టం అడిగేవి మూడే. కొత్తదా? ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టనిదా? తయారుచేసి వాడుకోవడానికి వీలైనదా? మొదటిదీ మూడోదీ అర్థం కావడం తేలిక. చాలామంది తడబడేది రెండో ప్రశ్న దగ్గరే.

దీని మీద మన సుప్రీంకోర్టు చెప్పిన పేరున్న తీర్పు మిర్జాపూర్ గిన్నెల గురించినది. ఇత్తడి పాత్రలను లేత్ మీద సానపట్టేటప్పుడు జారిపోకుండా పట్టి ఉంచే పద్ధతికి హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అనే సంస్థ 1951 నుంచి వర్తించేలా పేటెంటు పొందింది. దాని మీద నడిచిన వివాదంలో 1978 డిసెంబరు 13న తుది తీర్పు వచ్చింది. పాత్రను రెండు వైపుల నుంచి నొక్కి పట్టడం లేత్ తెలిసినవారికి పాతదే, ఇది వర్క్‌షాపులో ఎవరైనా చేసుకోగల సవరణ, ఆవిష్కరణ కాదు అని కోర్టు తేల్చింది. మీ నాన్నగారో మామయ్యో టెల్కోలో లేత్ మీద పనిచేస్తుంటే ఈ కథ చెప్పి చూడండి. తీర్పు న్యాయమేనా అన్నదాని మీద ఇంట్లో మంచి వాదన నడుస్తుంది. మాకైతే న్యాయమే అనిపిస్తుంది. లేకపోతే ప్రతి షెడ్డులోనూ మేస్త్రీ ఒక బోల్టు బిగించే ముందు వకీలును పిలవాలి.

అదే చట్టంలో సెక్షన్ 3(ఎఫ్) ఇంకో సంగతి చెబుతుంది. తెలిసిన వస్తువులను పక్కపక్కన చేర్చినంత మాత్రాన, వేటి పని అవి చేసుకుంటూ ఉంటే అది ఆవిష్కరణ కాదు. తాళానికి టార్చిలైటు అతికించారనుకోండి. లైటు వెలుగుతుంది, తాళం తెరుచుకుంటుంది, ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. పేటెంటు రాదు. కానీ ఇంగ్లండులో 1818లో జెరెమయా చబ్ చేసిన తాళం చూడండి. తప్పుడు చెవి పెట్టి తిప్పితే ఒక మీట పైకి లేచి లోపలే బిగుసుకుపోతుంది. తరువాత యజమాని తన చెవి పెట్టినప్పుడు ఎవరో కెలికారని తెలిసిపోతుంది. ఇక్కడ భాగాలన్నీ కలిసి ఒక కొత్త పని చేస్తున్నాయి. దానికి పేటెంటు వచ్చింది.

మరి చెవి ఆకారం సంగతి? చాబీవాలా దగ్గర వరుసగా వేలాడే పళ్ళు కోయని చెవులను చూసే ఉంటారు. ఒక్కోదానికి పక్కన ఒక్కో రకం గాడి ఉంటుంది. అమెరికాలో బెస్ట్ లాక్ అనే సంస్థ అలాంటి కోయని చెవి ఆకారానికి డిజైన్ పేటెంటు తీసుకుని, ఇల్కో యూనికన్ అనే సంస్థ తన చెవులను అనుకరిస్తోందని దావా వేసింది. 1996లో అప్పీలు కోర్టు ఆ డిజైన్ పేటెంటు చెల్లదంది. ఆ చెవి ఆ తాళపు రంధ్రంలో దూరాలంటే అలాగే ఉండాలి, వేరేలా ఉంటే పనే చేయదు, కాబట్టి అది పనికోసం ఏర్పడిన ఆకారమే తప్ప కంటి అందం కోసం చేసినది కాదు అన్నది కారణం. మన 2000 నాటి డిజైన్ల చట్టం కూడా కంటికి కనిపించే ఆకృతికే రక్షణ ఇస్తుంది. కేవలం యాంత్రిక పరికరమైనదాన్ని డిజైన్‌గా లెక్కించదు. చెవి తలమీద నెమలి బొమ్మ చెక్కితే అది డిజైన్. పళ్ళూ గాడీ కావు.

అయితే చెవి కొత్త పని చేస్తే లెక్క మారుతుంది. 1970లో మెడికో అనే అమెరికన్ సంస్థ పొందిన పేటెంటులో చెవి పళ్ళను ఏటవాలుగా కోశారు. అవి పిన్నులను లేపడమే కాదు, కొంచెం తిప్పుతాయి కూడా. ఇజ్రాయెల్‌కు చెందిన మల్-టి-లాక్ చెవిలోనే కదిలే చిన్న పిన్ను పెట్టింది. ఇలాంటి చెవులకు పేటెంటు ఉన్నన్నాళ్ళూ అనుమతి లేకుండా మరొకరు వాటిని తయారు చేసి అమ్మకూడదు. మన దేశంలో ఆ గడువు దరఖాస్తు నాటి నుంచి 20 ఏళ్ళు. గడువు తీరాక ఎవరైనా చేయవచ్చు. అందుకే తాళాల కంపెనీలు పాత పేటెంటు ముగిసేలోపే కొత్త రకం చెవితో వస్తుంటాయి. ఇందులో దొంగల భయం ఎంతో వ్యాపారం కూడా అంతే.

ఇక మన ఎనిమిదో తరగతి నమూనా. పాత చెవిని పనికిరాకుండా చేయాలన్న కోరికకు పేటెంటు ఉండదు, ఆ కోరిక తీర్చే మార్గానికి ఉంటుంది. చెవి మార్చుకోగల తాళాలు ఇప్పటికే ఉన్నాయి. అమెరికాలో క్విక్‌సెట్ సంస్థ స్మార్ట్‌కీ పేరుతో అమ్ముతోంది. కాబట్టి మన పిల్లల స్ప్రింగుల అమరిక వాటికంటే ఎక్కడ వేరుగా ఉందో చూడాలి. పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో పాత పేటెంట్లను ఉచితంగా వెతకవచ్చు. మేము వాళ్ళతో ఆ పని మొదలుపెట్టించాం.

ఇంకో జాగ్రత్త చాలా ముఖ్యం. దరఖాస్తు వేయకముందే నమూనాను నలుగురి ముందు విప్పి చూపితే, వీడియో తీసి వాట్సాప్‌లో పంచితే, అది ఇక 'కొత్తది' కాకుండా పోయే ప్రమాదం ఉంది. ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రదర్శనలకు మినహాయింపు ఉంది కానీ బడి సైన్సు ప్రదర్శన అలాంటిది కాదు. అందుకే ఆ అట్ట తాళం ఈసారి బల్లమీద లేదు. మీరు చూడలేకపోయినందుకు అలగకండి. లోపలి అమరిక గురించి ఇక్కడ మేమూ రాయడం లేదు.

ముందుగా తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేసి, 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వవచ్చు. వ్యక్తులకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, తరువాత పరీక్షకు కోరేటప్పుడు మరో 4,000. జార్ఖండ్‌లో ఉన్నవారి దరఖాస్తులు చూసేది కోల్‌కతా కార్యాలయం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవి చెన్నై చూస్తుంది.

"దరఖాస్తు వేశాక మా నాన్నకు విశాఖపట్నం బదిలీ అయితే?" అని వాళ్ళలో ఒకరు వెంటనే అడిగారు. మన బడి పిల్లలకు మాత్రమే తట్టే ప్రశ్న ఇది! నియమాల ప్రకారం ఒకసారి నిర్ణయమైన కార్యాలయం మామూలుగా మారదు. ఫైలు కోల్‌కతాలోనే ఉంటుంది. మీరు తెలపవలసింది కొత్త చిరునామా ఒక్కటే.