స్తూపము, స్థూపము, శంకువు
ఆకారములను దెలుపు కొన్ని మాటలను గూర్చి

గడచిన సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలో తొమ్మిదవ తరగతివారికి "స్థూపమును గీసి, దాని భాగముల పేర్లు వ్రాయుము" అని యొక ప్రశ్న నిచ్చియుంటిమి. మేము కోరినది నీటిగొట్టమువలె రెండు కొసలయందును సమానమైన వృత్తములు గలిగి, నడుమ వంపుతిరిగిన తలము గల యాకారము. రేపల్లె ప్రాంతమునుండి వచ్చి వసతిగృహములో నుండి చదువుకొనుచున్న బాలుడొకడు బోర్లించిన మూకుడువంటి బొమ్మను గీసి, దానిక్రింద వెడల్పయిన పీఠమును, పైని చిన్న గొడుగును జేర్చి, "మేధి, అండము, ఛత్రము" అని భాగములకు పేర్లు వ్రాసెను. మేము ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీసి సున్న వేసితిమి. కాగితములు తిరిగి యిచ్చిననాడు ఆ బాలుడు మా బల్లయొద్దకు వచ్చి, "మాస్టారూ, సాంఘికశాస్త్రములో చెప్పిన స్తూపము ఇదే గదండీ, మా భట్టిప్రోలులోనిది" అని మాత్రమే యని, బదులు చెప్పుదుమేమో యని నిలుచుండెను. మాకు వెంటనే బదులు తోచలేదు.

ఆ సాయంకాలము రెండు పుస్తకములను ప్రక్కప్రక్కను బెట్టి చూచితిమి. సాంఘికశాస్త్రమున స్తూపము. గణితమున స్థూపము. రెంటికి నడుమ భేదము ఒక్క యొత్తు మాత్రమే. చెవికి దాదాపు ఒకటియే. ఇక తెనాలి పిల్లలకు మూడవ యర్థమొకటి కలదు. 1942 ఆగస్టు 12వ తేదీన క్విట్టిండియా ఉద్యమములో తెనాలిలో జరిగిన కాల్పులయందు మరణించినవారి స్మృతికై రణరంగచౌకులో నిలిపిన స్తంభములను జనులు స్థూపములనియే పిలుతురు. కావున తెనాలి బాలునికి స్థూపమనగా నిలువైన స్తంభము, రేపల్లె బాలునికి స్తూపమనగా గుమ్మటము, గణితోపాధ్యాయునికి గొట్టము. మాటలో కల్గిన యీ చీలికను గమనింపక, తన యూరి యర్థమును నమ్మిన పిల్లవానికి మేము సున్న వేసితిమి.

సంస్కృతమున స్తూపశబ్దమునకు మొదటి యర్థము కుప్ప, రాశి, దిబ్బ అని. బౌద్ధులు ధాతువులను నిక్షేపించి వానిపై కట్టిన కట్టడమునకు ఆ పేరు నిలిచినది. తరువాత దేనినైనను స్మరించుటకై యెత్తిన కట్టడమెల్ల తెలుగున స్థూపమైనది. అవి పెక్కు స్తంభములుగనే యుండుటచేత, బహుశః ఆ త్రోవనే స్తంభాకారమునకును ఆ పేరు పాకి గణితపుస్తకములలోనికి వచ్చియుండును. ఇది మా యూహ. మాట నడచిన త్రోవ యేదైనను, బయలుదేరిన చోటు మాత్రము దిబ్బయే.

తరువాతి నెలలో ఆ తరగతి పిల్లలను వెంటబెట్టుకొని, తెనాలినుండి రేపల్లెకు బోవు రైలుబండిలో భట్టిప్రోలు పోయితిమి. అచటి మహాస్తూపమును 1892లో అలెగ్జాండర్ రే యను నాతడు త్రవ్వించి పరిశీలించెను. అడుగుభాగపు వ్యాసము సుమారు 148 అడుగులు, గుమ్మటపు వ్యాసము సుమారు 132 అడుగులు. పిల్లలచేత అచటనే లెక్క వేయించితిమి: 148ని 22చే గుణించి 7చే భాగించిన చుట్టుకొలత సుమారు 465 అడుగులు. ఒక పిల్ల ఆ లెక్కను నమ్మక, కట్టడము చుట్టును అడుగులు లెక్కించుచు నడచి వచ్చెను. అట్టివారే మాకు ఇష్టులు.

రే త్రవ్వినపుడు స్తూపగర్భమున రాతి కరండములును, వాని మూతలపైనను అంచులపైనను చెక్కిన శాసనములును దొరకినవి. వానిలోని లిపిని బ్యూలరు పండితుడు చదివి ప్రకటించెను. దక్షిణదేశమున దొరకిన మిక్కిలి ప్రాచీనమైన వ్రాతలలో అది యొకటి. ఆ నిక్షేపములలో స్ఫటికపు ముక్క యొకటి ఆరు పలకలుగా చెక్కబడి, దానిపైనను అక్షరములు గలిగియుండెను. గణితమున దీనిని షడ్భుజాకార పట్టకమందురు. మన యిండ్లలో "ఆరు పలకలది" అన్న చాలును. పలక యనుమాట యెంత చక్కనిదో చూడుడు: వ్రాసుకొను పలక, స్తంభపు పలక, రత్నపు పలక. చదునైన ముఖమునకు ఇంతకంటె సులభమైన పేరు దొరకదు. ఆలయస్తంభమును జూపి "ఎనిమిది పలకల కంబము" అని ముసలమ్మ చెప్పినచో, అష్టభుజమన నేమో తెలియని పిల్లవానికిని బొమ్మ కన్నులకు గట్టును.

అయితే ఆ స్తూపమును జూడబోయినవారికి కొంత విచారమును గలుగును. త్రవ్వకములకు పూర్వమే దాని గుమ్మటమును పడద్రోసి ఇటుకలను రోడ్డు పనికి వాడుకొనిరి. చెక్కిన రాళ్లు కొన్ని వెల్లటూరు వద్ద కాలువకట్టడములో చేరిపోయినవి. ఊరివారు దానిని దిబ్బ యని పిలుచుచుండిరి. పేరు తప్పు కాదు, స్తూపమన్నను దిబ్బయే గదా! కాని ఒక మాటకు లోపల మేధి, అండము, హర్మిక, ఛత్రము అను భాగములున్నవని తెలిసినవానికి అది కట్టడము. అవి తెలియనివానికి అది ఇటుకల రాశి. రోడ్డు వేయించినవారు దుర్మార్గులని మేమనము. వారి కంటికి ఆకారము కనబడలేదు, ఇటుకలు మాత్రమే కనబడినవి.

ఆ భాగముల పేర్లను ఇచట కొంచెము వివరింతుము. క్రింద నున్న గుండ్రని యరుగు మేధి. దానిపై బోర్లించిన గిన్నెవంటిది అండము. అండమనగా గ్రుడ్డు, అయినను ఇచట సగము గ్రుడ్డే. అండముపై నలుచదరమైన చిన్న కట్టు హర్మిక. దాని నడుమనుండి లేచిన కంబము యష్టి. యష్టికి తొడిగిన గొడుగులు ఛత్రములు. చుట్టును నున్న రాతికంచె వేదిక. అమరావతి, నాగార్జునకొండలవంటి ఆంధ్రదేశపు స్తూపములలో మఱియొక విశేషము కలదు: నాల్గు దిక్కులయందును మేధినుండి ముందునకు పొడుచుకొనివచ్చిన అరుగులు, వానిపై అయిదేసి కంబములు. వీనిని ఆయకస్తంభములందురు. నాగార్జునకొండలో కొన్ని స్తూపముల లోపలికట్టు బండిచక్రమువలె నుండును. నడిమి దిమ్మనుండి అంచువఱకు ఆకులవలె గోడలు సాగును. బండి యాకులు చూచినవారికి ఈ కట్టడము వేఱుగా బోధింప నక్కఱలేదు.

ఇప్పుడు మా ప్రశ్నకు మరల వత్తము. పొట్టిగా, గుండ్రముగా, పైనను క్రిందను సమానముగా నున్న మేధి యే యాకారము? గణితపుస్తకము చెప్పెడు స్థూపమే! కాబట్టి రేపల్లె బాలుడు గీసిన బొమ్మలో మేము కోరినది లేకపోలేదు. అది అండముక్రింద పీఠమై కూర్చుండియుండెను. భట్టిప్రోలులో నిలుచుండి దీనిని పిల్లలకు చెప్పినపుడు ఆ బాలుడు నవ్వెను. మేమును నవ్వితిమి గాని, మాది కొంత సిగ్గుతో గూడిన నవ్వు.

శంకువు సంగతి యింతకంటె చిత్రమైనది. క్రింద వృత్తమై, పైకి పోనుపోను సన్నగిల్లి, మొనగా ముగియు నాకారమునకు గణితమున ఈ పేరు. మన పాఠ్యపుస్తకములలో దీనిని ఖకారపు టొత్తుతో "శంఖువు" అని ముద్రించుట వాడుకయైనది. బాపట్లనుండి వచ్చిన బాలిక యొకతె దీనిని జదివి, సూర్యలంక యిసుకలో ఏరుకొన్న శంఖమును గీసినది. శంఖమునకు మొన గలదు గాని, లోపల మెలిక గలదు, నోరొక ప్రక్కకు తెఱచియుండును. అది వేఱు వస్తువు. శంకువనగా మేకు, కొయ్యగూటము. ఇల్లు గట్టుటకు ముందు నేలలో పాతునది అదియే. అందుచేతనే శంకుస్థాపన యను మాట పుట్టినది. ఎండలో నిలిపి నీడను గొలిచి ప్రొద్దు తెలిసికొను పుల్లకును పూర్వులు శంకువనియే పేరు పెట్టిరి. పాఠ్యపుస్తకమును దిద్దుట మా చేతిలో లేదు గాని, నల్లబల్లపై మాత్రము ఇకమీదట కకారముతోనే వ్రాయ నిశ్చయించితిమి. ఉదాహరణమునకు శంఖమును వలదు. 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోనే చినగంజాము ఉప్పుమళ్ల గట్లపై పోసిన ఉప్పుకుప్పలను జూచిన చాలును. పైనుండి జాఱిన పొడి యేదైనను తనంతట తానే ఆ యాకారమును దాల్చును.

స్థూపమును శంకువును ఒక్కచోట జూపునది మన డెల్టా పల్లెలలోని ధాన్యపు పురి. వరిగడ్డిని లావుపాటి త్రాడుగా పేని, దానిని గుండ్రముగా చుట్టుచు, లోపల ధాన్యము పోయుచు, పైకి లేపుదురు. పైని గడ్డిని కోసుగా కప్పుదురు. గోనెసంచులును గిడ్డంగులును వచ్చినపిమ్మట పురులు అరుదైనవి. మా పిల్లలలో చాలమంది తాతలు చెప్పగా విన్నవారే. పురి యేల గుండ్రముగా నుండవలెను? 22 అడుగుల త్రాడు మన చేతిలో నున్నదనుకొందము. దానితో వృత్తము చుట్టినచో వ్యాసము 7 అడుగులు, వైశాల్యము 38½ చదరపు అడుగులు. అదే త్రాటితో నలుచదరము చేసినచో భుజము 5½ అడుగులు, వైశాల్యము 30¼ చదరపు అడుగులు మాత్రమే. ఎత్తు 6 అడుగులైనచో గుండ్రని పురిలో 231 ఘనపుటడుగులు, చదరపు పురిలో 181½ ఘనపుటడుగులు పట్టును. పైని 3 అడుగుల ఎత్తు గల శంకువుగా రాశి పోసినచో గుండ్రని పురికి మఱి 38½ ఘనపుటడుగులు చేరును. ఇదిగాక చదరమైన పురికి మూలలు ధాన్యపు బరువునకు ఉబ్బి విచ్చును. బడికి పోని రైతు ఈ లెక్కను చేతితో చేసెను.

వృత్తపు లెక్క వచ్చినది గనుక ఒక చిన్న మాట. సొలొమోను మందిరములోని పోతసముద్రమును గూర్చి రాజుల మొదటి గ్రంథము ఏడవ అధ్యాయమున వ్యాసము పది మూరలు, చుట్టుకొలత ముప్పది మూరలు అని యున్నది. లెక్క ప్రకారము ముప్పదియొక మూర దాటవలెను గదా యని ఆదివారపు బడిలో నొక కుఱ్ఱవాడు మమ్మడిగెను. దానికి బెత్తెడు మందపు అంచు గలదని అచటనే యున్నది. వ్యాసమును బయటి అంచునకు, చుట్టును లోపలి అంచునకు కొలిచిన లెక్క చాలవఱకు సరిపోవునని కొందఱందురు. గుండ్రసంఖ్యలలో చెప్పుట యని మఱికొందఱందురు.

ఇంటిలో నున్న మాటలను బడిలో విడిచిపెట్టుటచే వచ్చు చిక్కు మఱియొకటి. లంబకోణ త్రిభుజములో పెద్ద భుజమును కర్ణమందుము. చతుర్భుజములో ఎదురెదురు మూలలను గలుపు గీతనును కర్ణమే యందుము. రెండు వస్తువులకు ఒకే పేరగుటచేత పిల్లలు తడబడుదురు. వడ్రంగి కీ తడబాటు లేదు. అతడు తలుపు చట్రమును బిగించునపుడు రెండు ఐమూలలను త్రాటితో కొలిచి, సమానమైనచో మూలమట్టము కుదిరినదనును. ఐమూల యనుమాట విన్న వెంటనే చేయి ఒక మూలనుండి యెదుటి మూలకు పోవును. ఏటవాలు, బల్లపరుపు, కోసు, సొట్ట, లొత్త, కోల, సోగ, వంపు: ఇట్టివానిని గణితపుస్తకములలో వెదకిన దొరకవు గాని, వస్తువును జూడనివానికి దాని రూపు చెప్పవలసివచ్చినపుడు ఇవియే పనికివచ్చును. తల్లిదండ్రులు ఇంట వాడు ఇట్టి మాటలను తమ పిల్లలచేత వ్రాయించి పంపినచో, తరగతివారీగా పట్టీ తయారుచేసి పాఠశాల గోడకు దగిలింతుము. వృత్తిపనివారి యిండ్లనుండి వచ్చువానిని మేము మఱింత యాశతో ఎదురుచూచుచున్నాము.

ఆ రేపల్లె బాలుని కాగితమును మరల దెప్పించి, సున్నను గొట్టివేసి, మేధికి సగము మార్కులు వేసితిమి. మిగిలిన సగమును వేయలేదు. ప్రశ్న గణితమునకు సంబంధించినది గావున అతడును ఒప్పుకొనెను. ఈ యేటి ప్రశ్నపత్రమున ఆ మాటప్రక్కను చిన్న బొమ్మను గూడ అచ్చువేయించినాము.